పీడీఎఫ్ పంపి ఈబుక్ అడగకండి: తెలుగు ప్రచురణకర్తలకు బహిరంగ లేఖ

తెలుగు పుస్తక ప్రచురణకర్తలకు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే రచయితలకు,

నమస్కారం.

అచ్చయిన పుస్తకాల్ని ఈబుక్కులుగా, వెబ్ పేజీలుగా మార్చే పని నాది. మీ దగ్గర్నుంచి వచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. "పుస్తకం ఎలాగూ కంప్యూటర్లోనే తయారైంది కదండీ, పీడీఎఫ్ వాట్సాప్ చేస్తున్నా, ఈబుక్ చేసి పెట్టండి. రేపటికి అవుతుందా?" అలా అడగడంలో తప్పేం లేదు. కంప్యూటర్లో పుట్టిన పుస్తకం ఇంకో కంప్యూటర్లోకి పోవడానికి అడ్డమేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అడ్డం ఉంది. అదేమిటో మీకెవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు, అందుకే ఈ ఉత్తరం.

నేను అడగబోయేది పెద్దదేం కాదు. మీ పుస్తకం తాలూకు చివరి పేజ్‌మేకర్ (పుటలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్) ఫైలుని, దాని అచ్చుప్రతిని జాగ్రత్త చేయండి. ఆ ఫైలుని యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ ఫోన్లూ వాడే అక్షర సంకేతాల పద్ధతిలోకి) మార్పించినప్పుడు, మార్చాక ఇంకోసారి ప్రూఫు చూపించడానికి కూడా డబ్బు పెట్టండి. ఇదెందుకు అడుగుతున్నానో చెప్పడానికి కొంచెం లోపలికి వెళ్ళాలి.

మన డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే) లోకం ఏళ్ళ తరబడి నడిచింది పేజ్‌మేకర్ మీద, అనూ, శ్రీలిపి లాంటి ఫాంట్ల మీద. చాలా చోట్ల ఇప్పటికీ అదే నడుస్తోంది. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది గాని, పేజ్‌మేకర్‌కి యూనికోడ్ అంటే తెలియదు. అందుకని ఆ ఫాంట్లు చేసినవాళ్ళు ఒక ఉపాయం పట్టారు. ఇంగ్లిషు అక్షరాలకీ గుర్తులకీ కేటాయించిన రెండు వందల చిల్లర గళ్ళలో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఒక్కో వత్తు ఒక్కో గడిలో. ఆపరేటర్ కీ నొక్కుతుంటే ఆ ముక్కలు పక్కపక్కన, పైనా కిందా చేరి మనకి తెలుగు మాటలా కనిపిస్తాయి. కంప్యూటర్ లెక్కలో మాత్రం అవి ఇంగ్లిషు అక్షరాలూ డాలరు గుర్తులూ కలిసిన కలగూరగంప. మీ పీడీఎఫ్‌లోంచి ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. ఆ ఉపాయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అది లేకపోతే రెండు మూడు దశాబ్దాల తెలుగు పుస్తకాలు ఇంత తేలిగ్గా, ఇంత చవగ్గా అచ్చయ్యేవి కావు. కాకపోతే అది కాగితం కోసం పట్టిన ఉపాయం. కాగితం మీద కన్ను చదువుతుంది, కన్నుకి ముక్కలతో పనిలేదు.

"స్త్రీ" అన్న మాట తీసుకోండి. యూనికోడ్‌లో దీనికి ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మనం పలికే వరసే, దీర్ఘం చివర్న. పాత ఫాంటులో ఉండేది కంటికి కనిపించే వరస. గుడిదీర్ఘం తగిలించిన "సీ" ఆకారం ముందు వస్తుంది, తర్వాత తవత్తు, క్రారవడి. ఫాంటుని బట్టి ఆ వరస కూడా మారుతుంది. మార్చే ప్రోగ్రాం ఆ దీర్ఘాన్ని ముందు నుంచి ఊడబెరికి చివరకి తీసుకెళ్ళాలి, వత్తులు ఏ వరసలో పలకాలో తేల్చుకోవాలి. ఒక్క మాటకి ఇంత తతంగం. పుస్తకం నిండా ఉన్నవి ఇలాంటి మాటలే.

కన్వర్టర్లు లేవా అంటే ఉన్నాయి. ఉచితంగా దొరికేవీ ఉన్నాయి, డబ్బు పెట్టి కొనుక్కునేవీ ఉన్నాయి. మంచివి చాలావరకు బాగానే మారుస్తాయి. చిక్కంతా ఆ "చాలావరకు" దాటాక మిగిలే దాంతోనే.

ముందుగా విసర్గ. టైపు చేసేటప్పుడు చాలామంది విసర్గకి బదులు కోలన్ కొడతారు. అచ్చులో రెండూ రెండు చుక్కలే, ఏ ప్రూఫ్‌రీడరూ పట్టుకోలేడు, పట్టుకోవలసిన పనీ లేదు. ఈబుక్‌లో అది "దు:ఖం"గా మిగిలిపోతుంది. సరైన విసర్గతో "దుఃఖం" అని వెతికిన పాఠకుడికి పుస్తకం మొత్తంలో దుఃఖమే కనపడదు. విషాద నవల అయినా సరే. ఫోనులో పైకి చదివించుకునేవాళ్ళకయితే ఆ కోలన్ దగ్గర మాట రెండు ముక్కలయ్యే ప్రమాదం కూడా ఉంది. సున్నల సంగతీ ఇంతే. అనుస్వారం, ఇంగ్లిషు సున్నా, తెలుగు అంకెల్లోని సున్నా మూడూ చూపుకి కవలలు, కంప్యూటర్‌కి ముగ్గురు వేరు వేరు మనుషులు.

తర్వాత పొల్లు. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే యూనికోడ్‌లో ట్ తర్వాత కంటికి కనపడని ఒక సంకేతం పెట్టాలి. అది లేకపోతే ఫకి టవత్తుతో పాటు వవత్తు కూడా చేరి "సాఫ్ట్వేర్" అవుతుంది. పాత ఫాంటులో పొల్లు ఫ, టవత్తు వేరే ముక్కలు, వే ఇంకో ముక్క, వాటిని ఎవరూ కలపరు కాబట్టి ఈ బెడద లేదు. కన్వర్టర్ ఆ కనపడని సంకేతాన్ని వేయడం మరిచిందా, రాజ్‌కుమార్ కాస్తా "రాజ్కుమార్" అవుతాడు, డాక్టర్‌గారు "డాక్టర్గారు" అవుతారు. ఇంగ్లిషు మాటలు, ఉత్తరాది పేర్లు ఎక్కువగా ఉండే ఇప్పటి కథల్లో ఇది పేజీ పేజీకీ తగులుతుంది.

అన్నిటికన్నా తమాషా అయినది ఇంగ్లిషు ముక్కల సంగతి. తెలుగు ముక్కలు కూర్చున్నవి ఇంగ్లిషు గళ్ళలోనే కదా. ఏ మాటకి ఏ ఫాంటు పెట్టారో తెలిసినంతసేపే అది తెలుగో ఇంగ్లిషో చెప్పగలం. ఫాంటు సమాచారం పోగొట్టి ఉత్త పాఠాన్ని కన్వర్టర్లో పోస్తే, పుస్తకంలో ఇంగ్లిషులో ఉన్న ప్రతి పేరూ, ప్రతి వెబ్ చిరునామా, ఈమెయిలూ తెలుగు అక్షరాల గుట్టగా మారిపోతుంది. కాపీ పేస్టుతో పని కాదని, పేజ్‌మేకర్ ఫైలే కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే. మీరనుకుంటున్నట్టు మొండితనం కాదు.

పాత కావ్యాలు, వ్యాకరణాలు వేసేవారికి ఇంకో మాట. అరసున్న, బండి ర, దంత్య చ జ లు, నకారపొల్లు (పొల్లు నకి వాడే పాత రూపం) ఉన్న పుస్తకాల్లో కన్వర్టర్‌ని అస్సలు నమ్మకండి. అరసున్న గుర్తు ఫాంటులో ఏదో మూల ఉండి ఉంటుంది. ఆపరేటర్ దాన్ని వెతుక్కునే ఓపిక లేక ఇంకే గుర్తుతోనో సరిపెట్టి ఉంటారు. నకారపొల్లుకి యూనికోడే విడిగా స్థానం ఇచ్చింది 2021లో. అంతకు ముందు చేసిన ఏ కన్వర్టర్‌కీ అది తెలిసే అవకాశం లేదు. ఇక్కడ భాష తెలిసిన మనిషి ప్రతి పుటా చూడవలసిందే.

ఇంత గొడవ ఎందుకు, రచయిత ఇచ్చిన వర్డ్ ఫైలు యూనికోడ్‌లోనే ఉంది, దాంతో చేసేయండి అంటారు కొందరు. ఈ ఉత్తరంలో మీరు ఒక్క పేరా గుర్తుపెట్టుకుంటారంటే ఇదే పెట్టుకోమంటాను. రచయిత ఇచ్చిన ఫైలు మీ పుస్తకం కాదు. పుస్తకం తయారైంది ఆ తర్వాత. మొదటి ప్రూఫులో సంపాదకుడు పేరా కొట్టేశాడు. రెండో ప్రూఫులో రచయిత మనసు మార్చుకుని ముగింపు మార్చాడు. మూడో ప్రూఫులో ఎవరో పెద్దాయన ఊరి పేరు తప్పని దిద్దారు. నాలుగు పంక్తులు మిగిలిపోయి ఇంకో ఫారం, అంటే ఇంకో పదహారు పేజీలు, పెరుగుతోందని, ఉన్న ఫారాల్లోకే ఇమడ్చడానికి అధ్యాయం చివర రెండు వాక్యాలు తీసేశారు. ఇవన్నీ జరిగింది పేజీ మీద, పేజ్‌మేకర్ ఫైల్లో. ఒక్కటి కూడా తిరిగి వర్డ్ ఫైల్లోకి ఎక్కలేదు. వర్డ్ ఫైలుతో ఈబుక్ చేస్తే మీరు అమ్మేది, మీరే పనికిరాదని దిద్దిన పుస్తకం. ఒకే పుస్తకానికి అచ్చులో ఒక ముగింపు, ఈబుక్‌లో ఇంకో ముగింపు ఉన్న సందర్భాలు ఉన్నాయి. పేర్లు అనవసరం.

ఇంకా లోతుకి వెళ్తే, పేజ్‌మేకర్ ఫైలు కూడా ఆఖరి సాక్షి కాదు. పేజీల్ని ట్రేసింగ్ కాగితం మీద ప్రింటు తీసి, దాన్నుంచి అచ్చు ప్లేటు చేసే కాలంలో చివరి నిమిషంలో తప్పు దొరికితే మళ్ళీ పేజీ అంతా తీసేవారు కాదు. సరైన మాటని విడిగా ప్రింటు తీసి, ట్రేసింగ్ మీద తప్పు మాటని బ్లేడుతో కోసి, దాన్ని అక్కడ అతికించేవారు. ప్లేటుకి వెళ్ళేది అదే. ఆ దిద్దుబాటు ఏ ఫైల్లోనూ లేదు, అచ్చయిన పుస్తకంలో తప్ప. నేను ఫైలుతో పాటు అచ్చుప్రతి కూడా అడిగినప్పుడు "అదెందుకండీ, ఫైలు ఇచ్చాం కదా" అంటారు. అందుకన్నమాట.

మరి ఆ ఫైళ్ళు ఎక్కడున్నాయి? నూటికి తొంభై చోట్ల మీ దగ్గర లేవు. డీటీపీ చేసినవారి దగ్గర ఉన్నాయి, లేదా ఉండేవి. విజయవాడ ఏలూరు రోడ్డు చుట్టుపక్కల సందుల్లోనో హైదరాబాద్‌లో ఏ నారాయణగూడలోనో ఒక గదిలో, పాత విండోస్ ఎక్స్‌పీ నడిచే కంప్యూటర్లో. అప్పట్లో సీడీలో రాసి ఇచ్చి ఉంటే ఆ సీడీ ఇప్పుడు తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. కరోనా తర్వాత చాలా డీటీపీ సెంటర్లు మూతబడ్డాయి. కంప్యూటర్లు తూకానికి పోయాయి. ఇవ్వాళ ఫైలు దొరికినా రేపు తెరిచే దారి ఉంటుందన్న భరోసా లేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దాని తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. దాని బదులు అడోబీ సంస్థ తెచ్చిన ఇన్‌డిజైన్‌లో పేజ్‌మేకర్ ఫైలుని తెరవగలిగిన చివరి వెర్షన్ సీఎస్6, అది 2012 నాటిది. 2013లో వచ్చిన సీసీ నుంచి ఆ తలుపు మూసేశారు. టైప్ 1 అనే పాత రకం ఫాంట్లకి అడోబీ 2023 జనవరిలో స్వస్తి చెప్పింది. ఇప్పుడు పాత ఫైలు వస్తే మేం చేసేది పాత కంప్యూటరో, కొత్త దాంట్లోనే పాత విండోస్‌ని నడిపే ప్రోగ్రామో పెట్టుకుని, పాత ఫాంట్లు ఎక్కించి తెరవడం. ఇంకో పదేళ్ళకి ఇదీ చేసేవారుంటారని నేను హామీ ఇవ్వలేను.

ఫైలు పూర్తిగా పోయిందనుకోండి, మిగిలిన దారి పుస్తకాన్ని స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని గుర్తుపట్టే ప్రోగ్రాం) పెట్టడం. తెలుగు ఓసీఆర్ ఒకప్పటిలా లేదు, బాగా మెరుగైంది. తెలుగు వికీసోర్స్‌లో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు అలాగే పాత పుస్తకాల్ని ఒక్కో పుటా దిద్దుకుంటూ ఎక్కిస్తున్నారు. అయినా థ ధ ల దగ్గర, ప వ ష ల దగ్గర, వత్తులు కిక్కిరిసిన చోట అది తడబడుతుంది. నూట యాభై ఏళ్ళ నాటి పుస్తకానికి ఇంకో గతి లేదు, సరే. 2008లో కంప్యూటర్లో తయారైన పుస్తకానికి కూడా అదే గతి పట్టించడం అన్యాయం.

ఇప్పుడు పేజీ సంగతి. అచ్చుపుస్తకంలో పేజీ అంటే కొలతలున్న చోటు. వన్ బై ఎయిట్ డెమ్మీ సైజు అంటే ఆ సైజే, పంక్తి ఎక్కడ విరగాలో ఒకసారి నిర్ణయమైతే ఎప్పటికీ అక్కడే విరుగుతుంది. ఈబుక్ అలా కాదు. ఈపబ్ (ఈబుక్కుల ఫైలు రూపం) ఫైలు పేరు చివర జిప్ అని మార్చి తెరిచి చూడండి, లోపల అధ్యాయానికొక వెబ్ పేజీ, బొమ్మలు, అక్షరాలు ఎలా కనపడాలో చెప్పే ఒక ఫైలు, ఏది ముందో ఏది వెనకో చెప్పే ఒక జాబితా ఉంటాయి. వెడల్పు ఉండదు. పాఠకుడి ఫోను ఎంత వెడల్పుంటే అంత, అతను అక్షరం ఎంత పెద్దది చేసుకుంటే అంత. పంక్తి ప్రతి ఫోనులో ఒక్కో చోట విరుగుతుంది.

దీనికి మన పేజ్‌మేకర్ అలవాట్లు ఎదురు తిరుగుతాయి. పంక్తి చివర మాట పట్టకపోతే ఆపరేటర్ చేత్తో హైఫన్ పెట్టి విరుస్తాడు, లేదా హైఫన్ కూడా లేకుండా మధ్యలో స్పేసో ఎంటరో కొడతాడు. డెమ్మీ పేజీలో అది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఈబుక్‌లో ఆ మాట పంక్తి మధ్యకొచ్చి "చెప్పు-కున్నారు", "వెళ్ళిపోతు న్నాడు" అని వెక్కిరిస్తుంది. ఇవి కన్వర్టర్‌కి దొరకవు. అక్కడ హైఫన్ నిజంగా కావాలో వద్దో మనిషే చెప్పాలి. శీర్షికని మధ్యకి తేవడానికి స్పేస్‌బార్ పదిసార్లు, పేరా జరపడానికి ట్యాబు రెండుసార్లు, కొత్త పేజీకి వెళ్ళడానికి ఎంటర్ ఇరవైసార్లు కొట్టి ఉంటారు. ఏది శీర్షిక, ఏది ఉపశీర్షిక, ఏది పాఠం అన్నది ఫైల్లో ఎక్కడా చెప్పి ఉండదు. అక్షరం లావుగా ఉంటే శీర్షిక అని మనం ఊహించుకోవాలి. ఈబుక్‌కి మాత్రం అది శీర్షిక అని పేరు పెట్టి చెప్పాలి, లేకపోతే విషయసూచిక నుంచి అధ్యాయానికి వెళ్ళే దారే ఉండదు.

పద్యం దగ్గరికొస్తే నాకు కొంచెం పక్షపాతం ఉంది, మన్నించండి. సీసపద్యం నాలుగు పాదాలు, ఒక్కో పాదంలో ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. అచ్చులో ఒక్కో పాదాన్ని రెండుగా విరిచి, రెండో సగాన్ని కాస్త లోపలికి జరిపి వేస్తారు. కింద తేటగీతో ఆటవెలదో. చూడగానే ఇది సీసం అని కంటికి తెలిసే అమరిక అది. ఫోనులో ఆ సగం పాదం కూడా ఒక వరసలో పట్టదు. మామూలుగా మార్చేస్తే చివరి రెండు మాటలు కింది వరసలోకి జారి, ఎడమ అంచుకి వచ్చి కూర్చుంటాయి. అప్పుడు ఎక్కడ పాదం మొదలైందో, ఎక్కడ వరస విరిగిందో తేడా తెలియదు. యతి ఎక్కడో వెతుక్కునే పాఠకుడు తికమకపడతాడు. దీనికి మందు తేలికైనదే. పాదానికి ఒక శైలి కట్టి, మొదటి వరస ఎడమ అంచున, జారిన వరస ఏదైనా సరే లోపలికి జరిగేలా చెప్పాలి. అయిదు నిమిషాల పని. కానీ పద్యం పద్యమని ఎవరో ఒకరు గుర్తుపట్టి ఆ శైలి తగిలించాలి కదా. వ్యాఖ్యాన గ్రంథాల్లో మూలం, ప్రతిపదార్థం, తాత్పర్యం మూడూ మూడు సైజుల్లో ఉంటాయి, ఒకటొకటి గుర్తుపట్టి విడదీయాలి. గురులఘువులు వేసి గణవిభజన చూపించిన పట్టికయితే ఒక్కోసారి బొమ్మగా పెట్టేయడమే నయం, కింద వివరణ రాసి.

చిన్న చిన్నవి ఇంకా ఉన్నాయి. తెలుగుకి వరసల మధ్య ఇంగ్లిషు కన్నా ఎక్కువ ఖాళీ కావాలి, లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడిని గుద్దుకుంటుంది. అధ్యాయం మొదటి అక్షరాన్ని పెద్దదిగా వేసే ముచ్చట, సంయుక్తాక్షరం వచ్చిన చోట వత్తు తెగిపోయి అభాసుపాలవుతుంది. దాన్ని ఈబుక్‌లో మానేస్తేనే మంచిది.

ఇంత శ్రమ ఎందుకు, పీడీఎఫ్‌నే ఈబుక్ అని అమ్మితే పోలేదా అంటే, డెమ్మీ పేజీని అరచేతిలో ఫోనులో ఒకసారి చదివి చూడండి. వేళ్ళతో పెద్దది చేసి, పంక్తి చివరిదాకా జరిపి, మళ్ళీ వెనక్కి జరిపి. నాలుగు పేజీల తర్వాత ఎవరైనా మూసేస్తారు. చూపు లేనివారి సంగతి ఇంతకన్నా దారుణం. వాళ్ళ ఫోనులోని స్క్రీన్‌రీడర్ తెలుగు చదువుతుంది, యూనికోడ్ తెలుగు అయితే. మీ పీడీఎఫ్ దగ్గరికొచ్చేసరికి డాలరు, ఎట్ ది రేట్, స్టార్ అని గొణుగుతుంది. అంధ పాఠకులకి పుస్తకాలు అందాలని 2013లో కుదిరిన మరాకేష్ ఒప్పందాన్ని ఆమోదించిన మొదటి దేశం మనదే, 2014లో. అంతకు ముందే, 2012లో, వికలాంగుల కోసం పుస్తకాన్ని అనువైన రూపంలోకి మార్చుకోవడానికి మన కాపీరైట్ చట్టం వీలిచ్చింది. చట్టం దారి ఇచ్చింది గాని పాఠం ఎవరిస్తారు? మళ్ళీ ఎవరో కూర్చుని మీ పుస్తకాన్ని మొదటి నుంచి టైపు చేయాలి, మీ దగ్గర ఫైలు ఉండగా.

మీ అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. ఈబుక్ ఇస్తే కాపీలు కొడతారన్నది మొదటిది. నిజమే, కొడతారు. ఇప్పుడు మాత్రం కొట్టడం లేదా? మీరు ఈబుక్ ఇవ్వకపోయినా మీ పుస్తకం ఫోనుతో ఫొటోలు తీసిన వంకర పేజీల రూపంలో టెలిగ్రామ్ గుంపుల్లో తిరుగుతోంది. తేడా అల్లా, డబ్బిచ్చి చదువుదామనుకున్నవాడికి దారి లేకపోవడం. అమెరికాలో ఉన్న పాఠకుడు నూట యాభై రూపాయల పుస్తకానికి అంతకు ఎన్నో రెట్లు పోస్టు ఖర్చు పెట్టాలి. అతను కొనడానికి సిద్ధంగా ఉన్నా మీరు అమ్మడం లేదు.

రెండోది, అమ్మడానికి చోటెక్కడ అని. ఇది న్యాయమైన ప్రశ్న. 2016 డిసెంబరులో అమెజాన్ వారి ఈబుక్ దుకాణం కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఆ లోటు మనకి చాలా నష్టం చేసిందని నా అభిప్రాయం. కానీ దుకాణాలు వస్తాయి, పోతాయి. సరిగ్గా చేసిన ఈపబ్ ఏ దుకాణానికైనా పనికొస్తుంది, మీ సొంత వెబ్‌సైటుకీ పనికొస్తుంది, రెండో ముద్రణకీ అందులోంచే పాఠం తీసుకోవచ్చు. ఒక దుకాణం యాప్‌లో తప్ప తెరుచుకోని రూపంలో ఇచ్చి, అసలు ఫైలు మీ దగ్గర ఉంచుకోకపోవడమే ప్రమాదం.

మూడోది ఖర్చు. కన్వర్టర్లో వేయడానికి ఎంతడుగుతారు అని పేజీకింత బేరమాడతారు. ఆ పని నిజంగానే చవక. ఖరీదంతా తర్వాతి ప్రూఫుది. అది మానేసి చేసిన ఈబుక్కులే తెలుగు ఈబుక్ అంటే తప్పుల తడక అన్న పేరు తెచ్చిపెట్టాయి. అచ్చుకి మూడు ప్రూఫులు చూసే సంస్థ కూడా ఈబుక్‌కి ఒక్క ప్రూఫు చూపించదు. "ఒకసారి చూసిందే కదా" అంటారు. చూసింది పేజీని. అక్షరాలు ఆ తర్వాత మారాయి.

ఒక మాట ఆపరేటర్ల గురించి. పైన హైఫన్లనీ స్పేస్‌బార్‌నీ తిట్టాను గాని ఆ తప్పు వాళ్ళది కాదు. పేజీకి పదో పాతికో రూపాయల లెక్కన, కాగితం మీద అందంగా ఉండాలని మాత్రమే అడిగాం, అందంగా చేసి ఇచ్చారు. స్టైల్స్ (శీర్షికకీ పేరాకీ పేరు పెట్టి రూపం చెప్పే ఏర్పాటు) వాడమని ఎవరూ అడగలేదు, దానికి డబ్బూ ఇవ్వలేదు. ఇప్పుడు పాత ఫైళ్ళ కోసం వెళ్ళినప్పుడు "మా ఫైలు మాకివ్వాలి కదా" అని దబాయించకండి. ఇన్నేళ్ళు దాచినందుకు, వెతికి తీసినందుకు ఎంతో కొంత ఇవ్వండి. ఫాంటుకి ఏ వెర్షన్ వాడారో వాళ్ళకే గుర్తుంటుంది. ఆ ఒక్క సంగతి తెలిస్తే మా పని సగం తగ్గుతుంది. అదే ఫాంటు పేరుతో 6కీ 7కీ మధ్య ముక్కల గళ్ళు మారి ఉంటే వచ్చే తిప్పలు మీకు చెప్పినా నమ్మరు.

కొత్త పుస్తకాల విషయంలో మాత్రం ఇక వంక లేదు. ఇన్‌డిజైన్ సీఎస్6 నుంచే తెలుగు యూనికోడ్ వత్తులతో సహా సరిగ్గా కూర్చుతుంది. శీర్షికకి, పేరాకి, పద్యానికి, అధోజ్ఞాపికకి స్టైల్స్ కట్టి పెడితే అచ్చుకీ ఈపబ్‌కీ ఒకే ఫైలు. దిద్దుబాటు ఒక్కచోటే. ఫాంట్లు అందంగా ఉండవని అంటారు. సిలికానాంధ్ర సంస్థ అందుబాటులోకి తెచ్చిన మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న లాంటివి ఉచితంగా ఉన్నాయి. ఎవరైనా ఈబుక్‌లో కలిపి పంచుకోవడానికి అనుమతి కూడా ఉంది. ఇది చిన్న విషయం కాదు. మీరు అచ్చుకి కొన్న ఫాంటుని ఈబుక్‌లో పెట్టి పంచడానికి ఆ లైసెన్సు ఒప్పుకోకపోవచ్చు. పేజ్‌మేకర్ వదలని ఆపరేటర్‌ని ఒక్కసారిగా వదిలేయమనడం లేదు. నేర్చుకునేదాకా మొదటి రెండు మూడు పుస్తకాలకి రేటు కొంచెం పెంచి ఇవ్వండి.

పరిశోధన గ్రంథాలు వేసేవారు ఇంకొకటి చూసుకోవాలి. ఈబుక్‌లో పేజీ ఉండదు కాబట్టి ఎవరైనా మీ పుస్తకాన్ని ఉటంకిస్తే ఏ పేజీ అని రాయాలి? అచ్చుప్రతి పేజీ ఎక్కడ మొదలైందో ఈపబ్‌లో గుర్తులు పెట్టే ఏర్పాటు ఉంది. అడిగితే పెడతాం. అడగరు కాబట్టి చాలామంది పెట్టరు.

పాత పుస్తకాలన్నీ ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. స్టాకు అయిపోయి, మళ్ళీ అచ్చు వేయడానికి ధైర్యం చాలక ఆపిన పుస్తకాలు మీ జాబితాలో ఉంటాయి, పాఠకులు పుస్తక ప్రదర్శనకి వచ్చి అడిగి వెళ్ళేవి. వాటితో మొదలుపెట్టండి. రచయితతో ఉన్న ఒప్పందంలో ఈబుక్ హక్కు సంగతి రాసుందో లేదో ముందు చూసుకోండి. పాత ఒప్పందాల్లో ఆ ఊసే ఉండదు. రచయితనో వారసులనో అడిగి కాగితం రాయించుకోండి.

తర్వాత డీటీపీ చేసినవారికి ఫోను చేయండి. ఫోల్డర్లో "ఫైనల్", "ఫైనల్ 2", "ఫైనల్ కరెక్టెడ్", "ప్రెస్‌కి" అని నాలుగైదు ఫైళ్ళు దొరుకుతాయి. తేదీ చూసి ఎంచకండి, ఎవరో తర్వాత తెరిచి ఊరికే సేవ్ చేసి ఉండవచ్చు. అచ్చయిన పుస్తకం పక్కన పెట్టుకుని, ఆఖరి ప్రూఫులో దిద్దించిన చోట్లు రెండు మూడు గుర్తు తెచ్చుకుని, ఆ దిద్దుబాట్లు ఏ ఫైల్లో ఉన్నాయో అది తీసుకోండి. దాంతోపాటు ఆ ఫాంట్ల ఫోల్డరు, కవర్ ఫైలు, లోపలి బొమ్మల ఫైళ్ళు కూడా. అన్నీ రెండు చోట్ల కాపీ పెట్టుకుని, అప్పుడు నాకో, ఈ పని తెలిసిన ఇంకెవరికో పంపండి.

ఇట్లు,
మీ పుస్తకాల్ని ఈబుక్కులుగా మార్చే ఒక పనివాడు